నేల మీద గీసిన రాకెట్ అక్షరాలు

మొన్న కూరగాయల సంచీతో ఆటోలో ఇంటికి వస్తుంటే, తెనాలి మెయిన్ రోడ్డు మీద ఎప్పటిలాగే బండ్లన్నీ ఒకదాన్నొకటి ఒరుసుకుని ఆగిపోయిన చోట, ఊరికే కూర్చోవడం చేతకాక తల బయట పెట్టి అటూ ఇటూ చూస్తున్న నాకు, కొత్తగా తెరిచిన ఒక జిమ్ము ముందు కట్టిన ఫ్లెక్సీ మీద నా అక్షరాలు కనిపించాయి. నా అక్షరాలు అంటే నేను రాసినవి కావు. ఆ ఫ్లెక్సీ ఎవరు చేశారో నాకు తెలియదు, ఆ జిమ్ము గడప తొక్కే వయసూ నాది కాదు. కాని తలకట్టు మెరుపులా విరిగి, సున్నా నలుచదరమై, గుండ్రం అన్నది ఎక్కడా లేకుండా అన్నీ మూలలే ఉన్న ఆ తెలుగు అక్షరాలని పంతొమ్మిదేళ్ల వయసులో మా ఇంటి వసారాలో నేల మీద బోర్లా పడుకుని గీసింది నేనే. తప్పిపోయిన పిల్లని తిరునాళ్లలో ఎవరో చెయ్యి పట్టుకుని తీసుకుపోతుంటే చూసినట్టయింది. ఇంకోసారి చూద్దామనుకునేలోగా ఆటో కదిలిపోయింది.

అప్పటినుంచి కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరుగుతున్నాను. పప్పు రెండుసార్లు అడుగంటింది. చదువుతున్న పేపరు మీద వేలితో గీతలు గీస్తూ కూర్చున్నానని, స్థిమితం అన్నది నాకు పుట్టుకతోనే లేదని మా ఆయన సాధించారు. ఆ మాట మా అమ్మ కూడా అనేది, అందులో అబద్ధమేమీ లేదు. ఆ స్థిమితం లేకపోవడం వల్లే ఆ అక్షరాలు పుట్టాయి కాబట్టి దాన్ని గురించి నేనెప్పుడూ సిగ్గుపడలేదు.

నా ఈడు వాళ్లకి గుర్తుండే ఉంటుంది, అప్పట్లో అంగడి పెట్టాలంటే ముందు బోర్డు రాసే ఆయన్ని వెతుక్కునేవాళ్లు. రేకుని చట్రానికి బిగించి, దాని మీద రెండు పూతలు రంగు వేసి, సుద్ద పూసిన దారంతో తిన్నటి గీతలు కొట్టి, ఎనామిల్ రంగుతో ఒక్కొక్క అక్షరం కుంచెతో రాసేవారు. మా నాన్న చేసే పని అదే. మా ఇంట్లో మాట ఉర్దూ అయినా మా పొయ్యి వెలిగించింది మాత్రం తెలుగు అక్షరమే. ఆయన్ని మేము అబ్బా అని పిలిచేవాళ్లం, బడి దగ్గర అలా పిలిస్తే తోటిపిల్లలు ఎక్కడ నొప్పి అని ఏడిపించేవాళ్లు, అందుకని ఇక్కడ నాన్న అనే రాస్తున్నాను. తెనాలి నుంచి రేపల్లె దాకా, ఇటు బాపట్ల దాకా ఆయన చెయ్యి తెలియని బజారు లేదు. ఆయన సున్నా చుడితే గాజుతో కొలిచి చూసుకోవచ్చనేవారు. ఊరివాళ్లంతా ఆయన్ని భాయ్ గారు అని పిలిచేవారు, బోర్డు కింద కుడి మూలన చిన్న అక్షరాలతో ఆయన పేరు ఉంటే అదొక పరువు.

నేను ఒక్కతే కూతుర్ని. నిచ్చెనలెక్కే పని ఆడపిల్లది కాదు కనుక ఇంట్లో కూర్చుని చేసే పని నాకు వచ్చింది, అంటే స్టెన్సిళ్లు కత్తిరించడం. బియ్యం బస్తాల మీద, పడవల మీద, ఒకే అక్షరాన్ని వందసార్లు వెయ్యాల్సి వచ్చినప్పుడు అక్షరం ఆకారంలో తొలిచిన రేకు పెట్టి పైన రంగు అద్దేస్తారు. ఆ రేకు బదులు మేము పాత ఎక్స్‌రే ఫిల్ములు వాడేవాళ్లం. నాన్న వాటిని డాక్టర్ల దగ్గర అడిగి కట్టలు కట్టలుగా తెచ్చేవారు, నేను చాకలిసోడా నీళ్లలో నానబెట్టి నలుపంతా కడిగేదాన్ని. ఎవరివో పక్కటెముకలు, ఎవరిదో విరిగిన మోచెయ్యి మా తొట్లో కరిగిపోయేవి. ఆరిన తరువాత సగం బ్లేడుతో అక్షరం కొయ్యాలి. మన తెలుగు అక్షరం సంగతి మీకు తెలుసు కదా, ఎక్కడ మొదలుపెట్టినా చుట్టూ తిరిగి రావాల్సిందే. బ్లేడు ఆ వంపులో తిరగదు, ఫిల్ము పగులుతుంది, వేలు తెగుతుంది. ఓపికున్నవాళ్లు ఒక్కొక్క వంపూ మెల్లగా తిప్పుకుంటూ వస్తారు. నాకది లేదు. ఒకరోజు విసుగెత్తి, స్కేలు పెట్టి, వంపు ఉన్నచోటల్లా తిన్నగా కోసేశాను.

పారేద్దామనుకుని వెలుతురుకి ఎత్తి చూశాను. అది "ర". నాలుగు మూలలు, పైన విరిగిన గీత ఒకటి. మా బాబాయి కువైట్ నుంచి తెచ్చిన వాచీలో అంకెలు కూడా అలాగే వంపన్నది లేకుండా వెలిగేవి, అది చూడటానికి వీధివీధంతా వచ్చేది. ఆ వాచీ లోపల తెలుగు ఉంటే ఇలాగే ఉంటుందనిపించింది. ఇక ఆగితే ఒట్టు. అమ్మ అన్నానికి పిలుస్తున్నా వినకుండా క, త, న, మ అన్నీ తిన్నటి గీతలతో కట్టుకుంటూ పోయాను. కొన్ని రాకెట్లలా ఉన్నాయి, కొన్ని మడిచిన గొడుగుల్లా ఉన్నాయి. రాబోయే కాలంలో జనం ఇలాగే రాస్తారని గట్టిగా నమ్మాను.

నాన్నకి నచ్చలేదు. అక్షరానికి కడుపుండాలి, కడుపు లేని అక్షరం ఎవరికి అన్నం పెడుతుందని అడిగి, ఆ ఫిల్ములు పక్కకి జరిపి తన పని చూసుకున్నారు. ఆ మాటకి నాకు ఒళ్లు మండిపోయింది. ఎందుకంటే అప్పటికే ఆ ఇంట్లో అక్షరం అన్నది నా చేతి మీదుగా వెళ్తోందని ఆయనకీ నాకూ మా అమ్మకీ తప్ప ప్రపంచంలో ఎవరికీ తెలియదు.

ఆయన కుడిచెయ్యి వణకడం మొదలై ఏడాది దాటింది. మొదట్లో చెయ్యి కింద కర్ర ఆన్చుకుని రాసేవారు, తరువాత ఎడంచేత్తో మణికట్టు పట్టుకుని రాసేవారు, చివరికి గీత తిన్నగా రావడం మానేసింది. గోడ మీద రాయాల్సిన పనులన్నీ ఏదో ఒక వంక చెప్పి వదిలేసుకున్నారు. రేకు బోర్డులు మాత్రం ఇంటికి తెచ్చేవారు, వసారాలో తలుపు దగ్గరికి వేసి నేను రాసేదాన్ని, ఆయన తీసుకెళ్లి బిగించి వచ్చేవారు. ఆయన గుండ్రటి చేతిరాత నాకు ఎంత వచ్చేసిందంటే, కింద మూలన ఆయన పేరు కూడా నేనే ఆయన రాసినట్టే రాసేదాన్ని. చెయ్యి పోయిందని తెలిస్తే పని పోతుందని ఆయన భయం, ఆడపిల్ల రాస్తోందని తెలిస్తే పరువు పోతుందని అమ్మ భయం. ఈ రెండు భయాల మధ్య నా పేరు రాసుకోవడానికి ఏ బోర్డు మీదా జానెడు చోటు లేదు. బజార్లో ఎవరైనా భాయ్ గారి చెయ్యి వయసయ్యేకొద్దీ తేటపడుతోందని మెచ్చుకుంటే, పక్కనే ఉన్న నేను నవ్వలేక ఏడవలేక నిలబడేదాన్ని.

అలాంటి రోజుల్లో బాపట్ల నుంచి ఒకాయన వచ్చారు. కంప్యూటర్ అన్న మాట మా వైపు అప్పుడే కొత్తగా వినపడుతోంది. ఆయన రెండంతస్తుల మేడ పైన ఆ శిక్షణ ఇచ్చే కేంద్రం తెరుస్తున్నారట. రేపటి కాలం బోర్డు కావాలిగాని మావిడికాయ పచ్చళ్ల కొట్టు బోర్డు వద్దని వచ్చీరాగానే చెప్పారు. ఇంతలో వసారాలో తీగ మీద ఆరుతున్న నా ఫిల్ములు ఆయన కంట్లో పడ్డాయి. ఒకటి తీసి వెలుతురుకి పెట్టుకుని, ఇవెవరు చేశారండి అని అడిగారు. నేను తలుపు చాటున టీ గ్లాసుతో నిలబడి ఉన్నాను. నాన్న "నావేనండి" అన్నారు.

ఆ గ్లాసు వచ్చినాయన చేతికి ఎలా ఇచ్చానో నాకు గుర్తులేదు. నాన్న తను రాసే అక్షరాలు నాతో రాయించుకుని తన పేరు పెట్టుకుంటే అర్థముంది, అది ఆయన విద్య, నేను దాన్ని దిద్దుకున్నాను. కాని కడుపు లేదని తీసిపారేసిన అక్షరాలని కూడా నావేనంటే ఏమనుకోవాలి? ఆ బోర్డు రాసిన పది రోజులూ ఆయనతో మాట్లాడలేదు. రెండు పెద్ద రేకులు కలిపి నల్లరంగు పూసి వసారాలో పరిచి, వాటి మీద మోకాళ్లతో పాకుతూ, వెండిరంగుతో ఆ కేంద్రం పేరు మొత్తం రాశాను. రాస్తున్నంతసేపూ నా ముక్కుకీ అక్షరానికీ మధ్య మూరెడు దూరం కూడా లేదు. నాన్న అటువైపు వచ్చేవారు కాదు. తన తీరుకి సరిపడని పనిని దగ్గరుండి చూడటం ఇష్టం లేక కొంత, నా మొహం చూడలేక కొంత అని ఇప్పుడు అనుకుంటాను. చివరి రోజు కింద మూలన ఆయన పేరు రాసి, కుంచెని కిరసనాయిల్లో ముంచకుండా అలాగే విసిరేసి లేచాను. నాన్న మనుషుల్ని పెట్టి బోర్డుని బాపట్ల పట్టించుకెళ్లి, మేడ మీద పిట్టగోడకి బిగింపజేసి వచ్చేశారు. రోడ్డు మీద నిలబడి చూశారా అంటే చూడలేదు. ముప్పై ఏళ్లలో ఆయన అలా చూడకుండా వచ్చేసిన బోర్డు అదొక్కటే.

వారం తిరక్కుండానే కబురొచ్చింది. నాన్న ఒక్కరే వెళ్లి, సాయంత్రం బండిలో తిరిగివచ్చి, చొక్కా కూడా విప్పకుండా మంచం మీద కూర్చున్నారు. ఆయన అమ్మకి చెబుతుంటే నేను పెరట్లోంచి విన్నాను. కింద నిలబడి చూస్తే ఆ బోర్డు మీద ఒక్క ముక్క కూడా చదవడానికి వీల్లేదట. క, ర, సున్నా అన్నీ ఒకేలా వరసగా నలుచదరపు డబ్బాల్లా కనపడుతున్నాయట. కర్లపాలెం నుంచి వచ్చిన ఒక రైతు, కొత్తగా కట్టుకున్న ఇంటికి కిటికీ గ్రిల్లులు చేయించాలని రెండంతస్తులూ ఎక్కి, కొలతలకి మనిషిని ఎప్పుడు పంపుతారని అడిగాడట. ఆ సంగతి బజారంతా పాకి, జనం దాన్ని గ్రిల్లుల కంప్యూటర్ అని పిలవడం మొదలుపెట్టారట. ఆ యజమాని నలుగురి ముందూ నాన్నని నిలబెట్టి, ముప్పై ఏళ్ల చెయ్యి ఇలా అయిందేంటి భాయ్ గారూ అని అడిగారట. నా చెయ్యే తప్పిందండి, దిద్ది ఇస్తానని చెప్పి వచ్చానని నాన్న అన్నారు.

అన్నాళ్లూ ఆ మూల మీద నా పేరు లేదని కుళ్లుకున్న దాన్ని. నా పేరే ఉండి ఉంటే ఆ నవ్వులన్నీ నా మీద పడేవి. పేరు తీసుకున్న మనిషి దానితోపాటు వచ్చిన అవమానాన్ని కూడా మారుమాటలేకుండా నెత్తిన పెట్టుకుని ఇంటికి వచ్చాడు. నాకు మొదటిసారి ఆయన మీద కాక నా మీద కోపం వచ్చింది, అది ఎక్కడ దించుకోవాలో తెలియలేదు.

మర్నాడు పొద్దున్నే నాన్న నన్ను తయారవమన్నారు. ఎందుకో చెప్పలేదు. రేపల్లె పాసింజరెక్కి, అక్కడినుంచి బస్సులో పెనుమూడి దిగి, కృష్ణ ఒడ్డుకి తీసుకెళ్లారు. ఒడ్డున పడవలు ఎక్కించి పెట్టి ఉన్నాయి, వాటి పేర్లలో సగం నాన్న రాసినవే. ఆయన ఒక పడవ పక్కన ఆగి, తారు పూసిన ఆ నల్లటి చెక్క మీద సుద్దముక్కతో నా ప, వ, స గీయమన్నారు. గీశాను. ఇప్పుడు వాటినే చూస్తూ వెనక్కి నడువు, ఎక్కడ చదవలేకపోతే అక్కడ ఆగు అన్నారు.

ఇరవై అడుగులు కూడా వెయ్యలేదు. ప పైన నేను వదిలిన సందు సన్నగా ఉండటంతో మూసుకుపోయింది, స వచ్చి వ లో కలిసింది, పక్కపక్కన మూడు డబ్బాలు మిగిలాయి. వాటి పైన నాన్న ఎప్పుడో రాసిన గుండ్రటి పేరు మాత్రం గట్టు ఎక్కి చూసినా, గట్టు వెంట ఇంకా దూరం పోయి చూసినా స్పష్టంగా కనపడుతూనే ఉంది. నాకు చెప్పలేనంత సిగ్గేసింది. నేను పుట్టి బుద్ధెరిగాక రాసిన ప్రతి అక్షరాన్నీ నేల మీద పరిచి పైనుంచి చూశాను, జనం చూసేది కిందనుంచి, దూరంనుంచి అని నాకు తెలియనే తెలియదు. నిచ్చెనెక్కిన ప్రతివాడికీ మొదటిరోజే తెలిసే సంగతి అది. పైకి పోయేకొద్దీ అక్షరాన్ని పొడుగు చెయ్యాలి, సందులు విడదియ్యాలి, తలకట్టు లేపాలి. నాన్న అదంతా గోడ మీద అలవాటుగా చేసుకుపోయేవారు గనుక ఎప్పుడూ మాటల్లో చెప్పలేదు.

ఆ పడవ వాళ్ల ఇల్లాలు వల పక్కన కూర్చుని మా తంతంతా చూస్తోంది. బాపట్ల బజారుకి చేపలు తీసుకెళ్లే మనిషి, నాన్నని అన్నా అని పిలిచేది. ఏం చేస్తున్నావమ్మాయ్ అని అడిగితే, దూరంనుంచి చదవగలనేమో చూస్తున్నానన్నాను. ఆమె నవ్వి, "నాకు సదువు రాదు పాపా. అయినా మా ఆయన పడవ నీళ్ల మీద వస్తుంటే, మనిసి మొకం ఆనకముందే ఆ పేరు గుర్తుపడతాను. దాని పోకడ నాకు తెలుసు," అంది.

తిరుగుబండిలో ఆ మాట నన్ను కూర్చోనివ్వలేదు. చదువు వచ్చినవాళ్లకి అర్థమయ్యేలా రాస్తే చాలదు, చదువు రాని మనిషి కూడా పోకడ చూసి గుర్తుపట్టాలి. అంటే ఏ అక్షరం అంచూ ఇంకో అక్షరం అంచులా ఉండకూడదు. ఇంటికి రాగానే నేల వదిలేసి, వీధి గోడ మీద బొగ్గుతో మొదలుపెట్టాను. నాన్న ఎదురింటి అరుగు మీద నిలబడి చూసేవారు. తనకి నచ్చని అక్షరాల మీద ఆయన మొదటిసారి మనసు పెట్టారు. ప నోరు బాగా తెరిపించారు, వ భుజం ఏటవాలుగా కోయించారు, సున్నాకి ఒక మూల చెక్కేయించారు. ఈ వీధిలో మనుషులున్నారన్న సంగతి మరిచిపోయి ఇద్దరం అరుచుకునేవాళ్లం. కడుపు లేకపోతే పోయింది, నడుమైనా ఉంది అని చివరికి ఒప్పుకున్నప్పుడు ఆయన మొహంలో నవ్వు చూసి అమ్మ కూడా నవ్వింది.

ఇక మిగిలింది బాపట్ల బోర్డు. దాన్ని పిట్టగోడ నుంచి విప్పితే రేకులు చినుగుతాయి, అక్కడికక్కడే నిచ్చెన మీద నిలబడి చెరిపి రాయాలి. మేమిద్దరం వెళ్లాం. నాన్నే ఎక్కుతానన్నారు. రంగు డబ్బా చేత్తో పట్టుకుని నాలుగో మెట్టు దాకా వెళ్లేసరికి డబ్బా ఒలికి మోచేతిదాకా కారింది. ఆయన కిందికి దిగి, కుంచె నా చేతికిచ్చారు. పట్టపగలు, కాలేజీలు వదిలే వేళ. ఎత్తంటే నాకు భయం లేదు, జనమంటే ఉంది. అయినా ఓణీ చెంగు నడుముకి బిగించి ఎక్కేశాను. కింద ఈలలు వినిపించాయి, ఎవరో చప్పట్లు కొట్టారు, కాసేపటికి విసుగొచ్చి వాళ్లే పోయారు. నాన్న మాత్రం రోడ్డుకి అవతల నిలబడి, వచ్చేపోయే సైకిళ్లని తప్పుకుంటూ, చెయ్యెత్తి పైకి అనేవారు, దించి కిందికి అనేవారు, రెండు చేతులూ చాపి సందు పెంచమనేవారు. రెండు రోజులు పట్టింది.

రెండోరోజు సాయంత్రం యజమాని బయటికి వచ్చి నాన్న పక్కన నిలబడి, బోర్డు మొత్తం పైకి చదివారు. అటు వెళ్తున్నవాళ్లు కూడా ఆగి చదివారు. ఇలాంటి బోర్డు గుంటూరులో కూడా లేదని, భాయ్ గారి చెయ్యి అంటే మాటలా అని, పిల్ల చేత రంగు పూయించినా గీత మాత్రం ఆయనదేనని యజమాని అందరికీ వినపడేలా మెచ్చుకున్నారు. ఆ మెప్పు తీసుకుని ఇంటికి వచ్చేస్తే నాన్న పోయిన పరువు మొత్తం తిరిగి వచ్చేసేది. నేను నిచ్చెన మీద, చేతిలో కుంచెతో, ఆయన ఏమంటారో ముందే తెలుసన్నట్టు ముఖం అటు తిప్పేసుకున్నాను.

"నా చెయ్యి పోయి ఏడాది దాటిందండి," అన్నారు నాన్న. "మొదట రాసిందీ, ఇప్పుడు రాసిందీ మా అమ్మాయే. ఆ అక్షరాలు కూడా తనవే. మొదటిసారి వచ్చిన తప్పు మాత్రం నాది, ఈ పిల్లని ఒక్కసారైనా రోడ్డు మీదకి తెచ్చి దూరంనుంచి బోర్డు ఎలా కనపడుతుందో చూపించలేదు."

తరువాత నాన్న నా వైపు తిరిగి, ఆ మూలన తన పేరు చెరిపేసి నా పేరు రాసుకోమన్నారు. అంత పెద్ద బోర్డు తొణక్కుండా రాసిన దాన్ని, నాలుగక్షరాల నా పేరు మాత్రం తిన్నగా రాయలేకపోయాను. చివరి అక్షరం కాస్త ఒరిగింది. దాన్ని దిద్దలేదు.

ఆయన భయపడినదంతా జరిగింది కూడా. భాయ్ గారి చెయ్యి పడిపోయిందట అన్న మాట మాకంటే ముందు తెనాలి చేరింది. పాతకాలం నుంచి మమ్మల్ని నమ్ముకున్న ఎరువుల కొట్లవాళ్లు, బట్టల కొట్లవాళ్లు మెల్లగా వేరే వాళ్లని వెతుక్కున్నారు. కొన్ని నెలలు మా ఇంట్లో చారే కూర. నాన్న ఆ మాట ఒక్కసారి కూడా ఎత్తలేదు. తరువాత కొత్తరకం కొట్లు వచ్చాయి, వీడియో క్యాసెట్లవి, ఫొటోస్టాట్‌లవి, టీవీలు బాగుచేసేవి, వాళ్లందరికీ రాకెట్ అక్షరాలే కావాలి. కొల్లిపర నుంచి కూడా మనిషిని పంపి పిలిపించుకున్నారు. పెనుమూడి ఇల్లాలు తమ కొత్త పడవకి అవే రాయించుకుంది. నేను నిచ్చెన మీద, నాన్న రోడ్డుకి అవతల. కుంచె పట్టలేకపోయినా ఆయన చూపు ఏమాత్రం మసకబారలేదు. అలా చాలా ఏళ్లు ఇద్దరం ఒక్క మనిషిలా పనిచేశాం. ఆయన పోయాక, ఒక అక్షరం రాసి, నిచ్చెన దిగి, రోడ్డు దాటి, చూసుకుని, మళ్లీ ఎక్కి దిద్దుకునేదాన్ని. ఒక్కో బోర్డుకి రెండింతల పొద్దు పట్టేది. ఫ్లెక్సీలు వచ్చి ఆ తిప్పలు కూడా తప్పించాయి.

ఇదంతా ఎంత తలచుకున్నా మనసు కుదుటపడలేదు గనుక నిన్న లేచి, వాకబు చేసి, ఆ జిమ్ము ఫ్లెక్సీ చేసిన కొట్టుకి వెళ్లాను. కంప్యూటర్ ముందు ఒక అమ్మాయి కూర్చుని ఉంది, మంచి చురుకైన పిల్ల. అడగ్గానే ఆ అక్షరాలు తెర మీదకి తెచ్చింది. అకారం నుంచి క్షకారం దాకా అన్నీ ఉన్నాయి, నేను జన్మలో ఎప్పుడూ రాయాల్సిన అవసరం రాని ఝ కూడా ఉంది, మా బోర్డులు చూసి ఎవరో ఓపిగ్గా పూర్తిచేశారు. ఆ ఝ నాకంటే బాగా గీశారని ఒప్పుకుంటాను. ఇది ఎవరు చేశారమ్మా అని అడిగితే, "తెలీదాంటీ, ఎప్పట్నుంచో అందరి సిస్టమ్‌లోనూ ఉంది," అంది. అంటూనే ఒక పదాన్ని మూల పట్టుకుని పక్కనుంచి లోపలికి నొక్కింది. ప నోరు మూసుకుపోయింది. నా ప్రాణం ఉసూరుమంది. కిందనుంచి చూస్తే ఇది కనపడదమ్మా, ఎప్పుడైనా రోడ్డు మీదకి వెళ్లి చూశావా అని అడిగాను. తాము చేసి పంపించేస్తామని, కట్టేవాళ్లు వేరే ఉంటారని, పండగకో పుట్టినరోజుకో కట్టినవి వారం తిరక్కుండా పీకేస్తారని చాలా మర్యాదగా చెప్పింది. ఆ పిల్ల తప్పేముంది, దానికి ఊపిరి సలపనంత పని ఉంది.

ఆ అక్షరాలు నావని చెప్పలేదు. చెబుదామనే వెళ్లాను, నోటిదాకా వచ్చింది కూడా. చెప్పి ఏం చెయ్యాలో తెలియక, మంచినీళ్లు అడిగి తాగి, బయటికి వచ్చి, జిమ్ము దాకా నడిచి, రోడ్డు దాటాను. పొద్దు నెత్తి మీద ఉంది. జిమ్ము ఫ్లెక్సీ ఎదురుగా నిలబడి, దాన్నే చూస్తూ ఒక్కొక్క అడుగూ వెనక్కి వేశాను. పన్నెండో అడుగుకి చదవలేకపోయాను. వెనకాల బండివాడు హారన్ కొట్టి, చూసుకోండి మామ్మగారూ అని తిట్టకుండానే తిట్టి పోయాడు.

ఒకప్పుడు నా పేరు లేదని కడుపు మండిపోయిన దాన్ని, ఇప్పుడు ఎవరి పేరూ లేదంటే ఆ మంట రావడం లేదు. అక్షరం జనంలో పడి బతుకుతోంది, అది చాలు, పేరుదేముంది. కాని ఇప్పుడు అక్షరం గదిలోనే పుట్టి, గదిలోనే పెరిగి, ఎవరూ కిందనుంచి చూడకుండానే మేడ మీదకి ఎక్కిపోతోంది. అది చదవరాకపోతే ఎవరిని అడగాలో ఎవరికీ తెలియదు. ఇది నాది అని మెప్పు తీసుకునే మనిషి లేకపోతే పోనివ్వండి, నడిరోడ్డు మీద నలుగురి మధ్యా నిలబడి తప్పు నాదండి అని ఒప్పుకునే మనిషి ఇప్పుడు ఏ అక్షరానికీ లేడు. నా అక్షరాలకి ఒకరుండేవారు.